టోర్: పెద్దక్షరాలు లేని మన లిపిలో ఒక పేరు

(ఆర్.ఎస్. పురంలో జరిగిన తెలుగు కుటుంబాల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



నేను మాట్లాడబోయే విషయం విన్నప్పుడు మీలో కొందరు నవ్వుకొని ఉంటారు. ఇంటర్నెట్టులో మనిషి గోప్యతను కాపాడే సాఫ్ట్‌వేరు ఒకటి ఉంది. దాని పేరు టోర్. ఇంగ్లీషులో ఆ పేరు మూడే అక్షరాలు: టి, ఓ, ఆర్. ఆ మూడింటిలో మొదటిది మాత్రమే క్యాపిటల్ అక్షరంగా ఉండాలని దానిని తయారుచేసినవారు పట్టుబడతారు. పత్రికలవారు తరచుగా మూడింటినీ క్యాపిటల్ చేస్తారు. ఇదీ తగవు. "మన లిపిలో పెద్దక్షరాలూ లేవు, చిన్నక్షరాలూ లేవు, మనకెందుకీ గొడవ?" అని మీరు అడగవచ్చు. లేవు కనుకనే ఈ విషయం మనం మాట్లాడుకోవాలని నా అభిప్రాయం. పేరు ఎలా రాయాలో చెప్పే అధికారం ఎవరిది అన్న ప్రశ్న దీని అడుగున ఉంది. పరాయి లిపిలో పేర్లు రాసుకుంటూ ఇన్ని తరాలు బతికిన మనకు ఆ ప్రశ్న కొత్తది కాదు.

మనం కూర్చున్న పేటనే చూడండి. ఆర్.ఎస్. పురం అంటున్నాం. ఆ రెండక్షరాల వెనుక ఒక మనిషి ఉన్నాడు. కోయంబత్తూరు పురపాలక సంఘానికి అధ్యక్షుడిగా పనిచేసి, సిరువాణి నీరు ఈ ఊరికి రావడానికి పాటుపడిన రత్నసభాపతి మొదలియారు పేరు అది. రత్నసభాపతిపురం క్రమంగా ఆర్.ఎస్. పురం అయింది. ఈ వీధుల్లో పుట్టి పెరిగిన పిల్లలను ఆర్ అంటే ఏమిటి, ఎస్ అంటే ఏమిటి అని అడిగితే ఎందరు చెప్పగలరో మీకే తెలుసు. ఇంకొంచెం తూర్పుకు వెళితే పీలమేడు. అక్కడ పి.ఎస్.జి. సంస్థలున్నాయి. ఆ మూడక్షరాలు పీలమేడు సామనాయుడు గోవిందస్వామి నాయుడివి. 1926లో ఆయన కుమారులు నెలకొల్పిన ధర్మసంస్థ పేరులో ఆయన పేరు మూడు ఇంగ్లీషు అక్షరాలుగా మిగిలింది. జి.డి. నాయుడుగారి సంగతీ అంతే. గోపాలస్వామి దొరస్వామి అన్న పేర్లు పలికేవారు నేడు అరుదు. అక్షరాలు పేరును మింగివేయడం మనం రోజూ చూస్తున్నాం.

టోర్ కథ దీనికి తలకిందులుగా నడిచింది. అక్కడ పొడి అక్షరాలు కలిసిపోయి నిండు పేరుగా మారాయి. ఆ మారిన పేరును మళ్ళీ పొడి అక్షరాలుగా విడగొట్టవద్దన్నదే వారి కోరిక.

కథ మొదలైనది 1990ల నడుమ, అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో. డేవిడ్ గోల్డ్‌ష్లాగ్, మైకేల్ రీడ్, పాల్ సివర్సన్ అనే ముగ్గురు పరిశోధకులు ఒక సమస్యను ఎత్తుకున్నారు. ఇంటర్నెట్టులో మనం పంపే ప్రతి సందేశం పైనా ఎక్కడి నుంచి వచ్చిందో, ఎక్కడికి పోతున్నదో రాసి ఉంటుంది. ఉత్తరం లోపలి మాటలను రహస్యలిపిలో దాచినా, పైన చిరునామాలు చూసి ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో దారిలో ఉన్నవాడు తెలుసుకుంటాడు. దీనికి వారు చూపిన ఉపాయం ఉల్లిపాయ. ఒక ఉత్తరాన్ని మూడు కవర్లలో, ఒకదానిలో ఒకటి పెట్టి అంటించారనుకోండి. మొదటి మజిలీవాడు పై కవరు విప్పుతాడు. లోపలి కవరు మీద రెండో మజిలీ చిరునామా మాత్రమే ఉంటుంది. రెండోవాడు తన కవరు విప్పి మూడోవానికి పంపుతాడు. మూడోవాడు విప్పి అసలు చోటికి చేరుస్తాడు. మొదటివానికి పంపినది ఎవరో తెలుసు, ఎక్కడికో తెలియదు. చివరివానికి ఎక్కడికో తెలుసు, ఎవరో తెలియదు. నడిమివానికి రెండూ తెలియవు. నేడు ఈ మజిలీలను ప్రపంచమంతటా స్వచ్ఛందంగా నడుపుతున్న యంత్రాలు వేలల్లో ఉన్నాయి. ఇక్కడొక మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఈ ఏర్పాటు దారిని దాస్తుందే తప్ప, గమ్యం చేరాక మీరే మీ పేరూ ఊరూ టైపు చేస్తే దానిని దాచదు.

ఉల్లిపాయ పొరల్లాగా కవర్లున్నాయి కనుక ఈ పద్ధతికి ఇంగ్లీషులో ఆనియన్ రూటింగ్ అని పేరు వచ్చింది. 2000 తరువాత రోజర్ డింగిల్‌డైన్ అనే యువకుడు సివర్సన్‌తో కలిసి దీనిని కొత్తగా నిర్మించడం మొదలుపెట్టాడు. కొంతకాలానికి నిక్ మాథ్యూసన్ వారితో చేరాడు. అప్పటికే ఇదే ఆలోచనతో వేరేవారు చేసిన ప్రయత్నాలు ఉన్నాయి. "ఆనియన్ రూటింగ్ మీద పనిచేస్తున్నాం" అని వీరు చెబితే, "బాగుంది, అందులో ఏది?" అని అడిగేవారట. మాది ఫలానాది కాదు, నౌకాదళ పరిశోధనశాలలో పుట్టిన అసలుది అని చెప్పడానికి ఇంగ్లీషులో "ది" అన్న నిర్దేశక పదం సరిపోయింది. ది ఆనియన్ రూటింగ్. మూడు మాటల మొదటి అక్షరాలు కలిపితే టోర్. 2002 అక్టోబరులో దాని జాలం పనిచేయడం మొదలైంది. 2006లో దానిని సాకడానికి లాభాపేక్ష లేని సంస్థ ఏర్పడింది.

మన తెలుగులో "ది" లేదు. "అసలు", "ఆ", "అదే" అని మనం నొక్కి పలికే పనిని వారి చిన్న మాట చేసింది. పేరులో అన్నిటికంటే బరువైన భాగం అదే. ఉల్లిపాయ అందరిదీ, "ది" మాత్రం వీరిది. చాలా పత్రికలు దీనిని "ది ఆనియన్ రూటర్" అని విప్పి రాస్తాయి. రూటర్ అంటే దారిచూపే యంత్రం, రూటింగ్ అంటే దారిచూపే పద్ధతి. పుట్టినప్పటి పేరు రెండవది.

ఇంతకీ మూడు క్యాపిటల్ అక్షరాలు ఎందుకు వద్దన్నారు? ఇది పొడి అక్షరాల నుంచి పుట్టిన మాటే అయినా ఇప్పుడది పేరు, పేరును పేరులాగే రాయండి అన్నారు. వారి ప్రశ్నోత్తరాల పుటలో దీనికి ఒక చమత్కారం కూడా జోడించారు. మా పుటలేవీ చదవకుండా, వార్తాపత్రికల ద్వారానే మమ్మల్ని తెలుసుకున్నవారిని మేము సులభంగా పసిగట్టగలం, పేరు తప్పు రాస్తారు కనుక అని ఆ చమత్కారపు సారాంశం. మా ఊరి పేరు ఎలా పలుకుతాడో చూసి వాడు మా ఊరివాడో కాదో చెప్పగలం అనే మన పెద్దల పద్ధతి ఇదే కదా.

ఇంగ్లీషులో ఇది కొత్త కాదు. రాడార్ అన్న మాట 1940లో, అదీ అమెరికా నౌకాదళంలోనే, కొన్ని మాటల మొదటి అక్షరాలతో పుట్టింది. లేజర్ కూడా అలాంటిదే. నేడు వాటిని పెద్దక్షరాలలో రాసేవారు లేరు, విప్పి చెప్పేవారూ తక్కువ. మరో గోప్యతా సాఫ్ట్‌వేరు పి.జి.పి. 1991లో ఫిల్ జిమ్మర్‌మన్ విడుదల చేసిన ఈ సాఫ్ట్‌వేరు పేరును ఏ అక్షరానికా అక్షరం విడిగా పలుకుతారు. అందువల్ల అక్కడ మూడూ పెద్దక్షరాలే న్యాయం. నోరు ఎలా పలుకుతుందో చెయ్యి అలా రాయాలి.

ఇక మన సంగతికి వద్దాం. ప్రపంచ లిపులన్నిటికీ సంకేతాలిచ్చే యూనికోడులో ప్రతి అక్షరానికీ ఒక జాతి రాసి పెట్టారు. పెద్దక్షరం, చిన్నక్షరం, ఇతర అక్షరం అని వాటిలో కొన్ని. తెలుగు అచ్చులూ హల్లులూ "ఇతర అక్షరం" జాతికి చెందినవి. తమిళానికీ, హిందీకీ, అరబ్బీకీ అంతే. మనలో కొందరికి ఈ "ఇతర" అన్న మాట కష్టంగా తోచవచ్చు. నాకు తోచదు. పేరుకు తలపాగా పెట్టి నిలబెట్టనవసరం లేని లిపి మనది. కాని ఆ తలపాగా చేసే పనిని మనం వేరే విధంగా చేయవలసి ఉంది.

చేస్తూనే ఉన్నాం కూడా. మన దగ్గర ఆ పని చేసేది చుక్క. "టి.ఓ.ఆర్." అని చుక్కలు పెట్టి రాస్తే అవి పొడి అక్షరాలు. "టోర్" అని కలిపి రాస్తే అది పేరు. నందమూరి తారక రామారావుగారి పొడి అక్షరాలు మొదట ఎన్.టి.ఆర్. జనం నోట నలిగి, సంధి కలిసి, అవి ఎన్టీఆర్ అయ్యాయి. టి.వి. అన్నది టీవీ అయి, టీవీలో, టీవీకి అని విభక్తులు తొడుక్కుంది. చుక్కలు రాలిపోయి, హ్రస్వం దీర్ఘమై, విభక్తి అంటుకున్ననాడు ఆ మాట మనదైనట్టు. కనుక తెలుగు పత్రికలో ఎవరైనా టి.ఓ.ఆర్. అని చుక్కలు పెట్టి అచ్చువేస్తే, ఇంగ్లీషులో మూడు క్యాపిటల్ అక్షరాలు వేసినవాడు చేసిన పనే చేసినట్టు.

మరి అచ్చు ఏది? టార్ అని రాసినవారున్నారు. టార్ అంటే మనకు రోడ్డు మీద పోసే తారు గుర్తుకు వస్తుంది. ఇంగ్లీషులో డోర్, స్టోర్ అన్న మాటలలో పలికే అచ్చే ఇక్కడా పలుకుతుంది. డోర్‌ను మనం డార్ అని రాయము. కనుక టోర్ సరైనది. హలంతం మన నుడికి అంత ఇష్టం ఉండదు. బస్సు, కారు, కోర్టు అని ఉకారం చేర్చుకోవడం మన అలవాటు. దీనికి ఒక ఆచరణ కారణం కూడా ఉంది. టోర్ తరువాత "లో" చేర్చి కంప్యూటరులో టైపు చేస్తే, మధ్యలో కనిపించని విడదీత గుర్తు పెట్టకపోతే లకారం వెళ్ళి రేఫతో కలిసి "టోర్లో" అవుతుంది. ఆ గుర్తు ఉన్న ఫోను కీబోర్డులు కొన్నే, దానిని వాడడం తెలిసినవారు ఇంకా తక్కువ. అందువల్ల పేరు విడిగా నిలిచినప్పుడు టోర్ అనీ, విభక్తి చేరినప్పుడు టోరులో, టోరుకు, టోరును అనీ రాయమని నా సూచన. వ్యాకరణం తెలిసిన పెద్దలు ఇక్కడ ఉన్నారు. కాదంటే దిద్దవచ్చు.

పేరును అనువదించి "ఉల్లి" అంటే ఏమి అని ఒక మిత్రుడు అడిగారు. నాకు సమ్మతం కాదు. పద్ధతి పేరును అనువదించవచ్చు, ఉల్లిపొరల దారి అంటే బాగానే ఉంటుంది. వ్యక్తి పేరును, సంస్థ పేరును అనువదించము. సభాపతి అనే ఆయనను ఇంగ్లీషులో స్పీకర్ అని పిలవము కదా. మరొక హెచ్చరిక. టోర్ అంటే జర్మన్ భాషలో ద్వారం, తుర్కీ భాషలో సన్నని కళ్ళున్న వల. ఈ రెండు అర్థాలూ తమ పనికి చక్కగా నప్పాయని దాని నిర్మాతలే సంతోషపడ్డారు. మనవారిలో ఎవరైనా తోరణం నుంచి ఈ మాట జర్మనీకి వెళ్ళిందని వ్యాసం రాసేలోపు చెబుతున్నాను: ఇది మూడు ఇంగ్లీషు మాటల తొలి అక్షరాలు. మన తోరణానికి దీనితో చుట్టరికం లేదు.

ఒక్క అక్షరం అటూ ఇటూ అయితే ఏమి కొంప మునుగుతుంది అనేవారికి 2019లో బయటపడిన ఒక మోసం చెబుతాను. టోర్ బ్రౌజరును ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. దాని అసలు చిరునామాలో టోర్‌ప్రాజెక్ట్ అన్న మాట ఉంటుంది. దొంగలు ఆ ఇంగ్లీషు మాటలో జె అక్షరాన్ని ఒక్కదానిని తీసేసి, మిగిలినదంతా అలాగే ఉంచి, ఒక నకిలీ చిరునామా తయారుచేశారు. వారి గురి రష్యన్ మాట్లాడే జనం. రష్యన్ లిపి నుంచి ఇంగ్లీషు లిపిలోకి ఆ మాటను దించితే జె లేకుండా రావడం సహజమే, కనుక చూసినవారికి అనుమానం కలగలేదు. అక్కడి నుంచి నకిలీ బ్రౌజరు దించుకొన్నవారి బిట్‌కాయిన్ సొమ్ము దొంగల ఖాతాలకు మళ్ళింది. ఈసెట్ అనే భద్రతా సంస్థ దీనిని బయటపెట్టింది. 2022లో మరొకటి. ఒక చైనా భాషా యూట్యూబ్ చానెలులో టోరును పరిచయం చేసే వీడియో కింద విషం కలిపిన బ్రౌజరు లంకె పెట్టారు. చైనాలో అసలు చిరునామా తెరుచుకోదు, జనం వీడియో కిందిదే నమ్మారు. క్యాస్పర్‌స్కీ పరిశోధకులు దీనిని కనుగొన్నారు.

ఈ రెండు మోసాలలోనూ దొంగ నిలబడిన చోటు ఒకటే. అసలు పేరుకూ, జనం సొంత భాషకూ మధ్య ఉన్న సందు అది. రష్యన్లకూ చైనీయులకూ కోట్ల కొలది పాఠకులున్నారు, హెచ్చరించడానికి పత్రికలున్నాయి. తమిళనాడులోని తెలుగు ఇల్లాలికి ఎవరున్నారు? ఆమె తెలుగు మాట్లాడుతుంది, తమిళం చదువుతుంది, ఫోనులో అక్షరాలు ఇంగ్లీషువి. అమెరికాలోనో గల్ఫులోనో ఉన్న కొడుకు ఏదో సాఫ్ట్‌వేరు పేరు నోటితో చెబుతాడు. ఆమె ఆ ధ్వనిని మూడు లిపుల గుండా లాగి వెతుకుతుంది. ఆ లాగడంలో జారిపోయిన ఒక్క అక్షరం కోసం దొంగ కాచుకొని ఉంటాడు. అందుకే మన పత్రికలలో ఏ సాఫ్ట్‌వేరు పేరు అచ్చువేసినా, ఇంగ్లీషు అక్షరాలను ఒక్కొక్కటిగా తెలుగులో పలికి రాయాలని కోరుతున్నాను. టి, ఓ, ఆర్, ఆ తరువాత పి, ఆర్, ఓ, జె, ఇ, సి, టి, చుక్క, ఓ, ఆర్, జి. బ్యాంకు ఖాతా అంకెలు చదివినంత జాగ్రత్తగా. చిరునామా పెట్టెలో పెద్దక్షరమైనా చిన్నక్షరమైనా తేడా లేదు, యంత్రం రెండింటినీ ఒకటిగానే చూస్తుంది. అక్షరం పోతేనే ప్రమాదం.

పేరు తప్పు రాయించుకోవడంలో మన జాతి అనుభవం టోరు నిర్మాతల కంటే చాలా పాతది. 1816లో మద్రాసులో క్యాంబెల్ దొర మన భాషకు వ్యాకరణం అచ్చువేశాడు. ద్రావిడ భాషలు సంస్కృతం నుంచి పుట్టలేదని చెప్పిన ఎల్లిస్ దొర ముందుమాట ఉన్నది ఆ పుస్తకంలోనే. దాని పేరులో మన భాష "టీలూగూ" అని చదివేలా జంట ఓకారాలతో ఉంది. దానికి తోడు, సాధారణంగా దీనిని జెంటూ అంటారనే వివరణ. జెంటూ అనేది పోర్చుగీసువారు స్థానికులకు తగిలించిన పేరు. మనం మనల్ని ఏనాడూ అలా పిలుచుకోలేదు. (నేడు జెంటూ పేరుతో ఒక లినక్స్ ఉంది. అది పెంగ్విన్ పక్షి పేరు మీద పెట్టినది, మన మీద కోపంతో కాదు.) ఆ శతాబ్దం నడిమికి బ్రౌన్ దొర పుస్తకాలతో ఇప్పటి ఇంగ్లీషు వర్ణక్రమం స్థిరపడింది. ఇక్కడివారు మనల్ని వడుగులన్నారు. 2011 జనగణనలో తెలుగు మాతృభాష అని చెప్పినవారు ఈ రాష్ట్రంలో 42 లక్షల పైచిలుకు. వారు ఇచ్చిన జవాబు "తెలుగు", జెంటూ కాదు, వడుగు కాదు.

మన పక్కవారికీ ఈ బాధ ఉంది, వారినీ అర్థం చేసుకోవాలి. 2020 జూన్‌లో తమిళనాడు ప్రభుత్వం 1018 ఊళ్ళ ఇంగ్లీషు వర్ణక్రమాలను తమిళ ఉచ్చారణకు దగ్గరగా మారుస్తూ ఉత్తర్వు వెలువరించింది. మన ఊరు కోయంపుత్తూర్ అని చదివేలా, మదురై నడుమ ఒక హెచ్ అక్షరం చేరేలా మారాయి. విమర్శలు చెలరేగి కొద్ది రోజులకే ఉత్తర్వు వెనక్కి తీసుకొన్నారు. ఉద్దేశం మంచిదే. ఊరివారిని అడగకుండా అక్షరాలు పేర్చడం వల్ల నిలవలేదని నేననుకుంటాను. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. అది ఆ లిపి నిర్మాణం, లోపం కాదు, మనకు పెద్దక్షరాలు లేనట్టే. కాని మన గోపాలుడు తమిళంలో రాసి ఇంగ్లీషులోకి దిగేసరికి కోపాలుడు కాకుండా చూసుకోవలసినది మనమే. ఇంటిపేరును ఒక్క పొడి అక్షరానికి కుదించుకొన్న కుటుంబాలు మనలో ఎన్నో. ఆ అక్షరం దేనికి గుర్తో మనవళ్ళకు చెప్పి, కనీసం ఇంట్లో ఒక పుస్తకంలో నిండుగా తెలుగులో రాసి ఉంచండి.

గోప్యతకూ దీనికీ ఏమి లంకె అంటారేమో. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. ఆ తీర్పును నేను చదువుకున్న తీరులో, నా గురించి ఏది ఎవరికి ఎంత చెప్పాలో నేను నిర్ణయించుకోవడం దాని సారం. నా పేరు చెప్పకుండా ఉండే హక్కూ, చెప్పినప్పుడు దానిని సరిగా రాయించుకొనే హక్కూ ఒక తల్లి బిడ్డలే. మొదటిదానిని కాపాడే పనిముట్టు పేరునే మనం తప్పు రాస్తే ఎలా?

మాటల పట్టిక ఒకటి తయారుచేస్తున్నాం. అందులో టోర్ అన్న పేరు పక్కన "ఉల్లిపొరల దారి పద్ధతిని వాడే గోప్యతా జాలం, చుక్కలు లేకుండా కలిపి రాయాలి" అని రాశాను. ఉల్లి అన్నచోట ఆగిపోయాను. తీరాంధ్రలో ఉల్లిపాయ, తెలంగాణలో ఉల్లిగడ్డ, రాయలసీమలో ఎర్రగడ్డ, పాత పుస్తకాలలో నీరుల్లి. ఇక్కడి ఇళ్ళలో తమిళపు వెంగాయం కలిసిపోయి వినిపిస్తుంది. మీ అవ్వలు ఏమనేవారో తెలియాలి. బయట బల్ల మీద కాగితాలు పెట్టించాను. వెళ్ళేముందు మీ ఇంటి మాట, మీ పూర్వుల ఊరు, తెలిస్తే మీ నిండు ఇంటిపేరు తెలుగులో రాసి ఇవ్వండి. ఇంటిపేరు రాయడం ఇష్టం లేనివారు ఆ గడి ఖాళీగా వదిలివేయవచ్చు.